వార్తలన్నీ చదవకపోతే బాబుకి అన్యాయం చేసినట్టేనా?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు నిండాయి. సెరిబ్రల్ పాల్సీ అని, అంటే ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని సమస్య అని, ఏడాదిన్నర వయసులో చెప్పారు. ఆనిస్తే కూర్చుంటాడు, నిలబడలేడు, మాటలు రాలేదు, కానీ మేం మాట్లాడుకునేవన్నీ వాడికి అర్థమవుతున్నాయని నా నమ్మకం. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులు మూడింటిలో ఉన్నాను. రోజూ ఏదో ఒక కొత్త వైద్యం, కొత్త థెరపీ, ఎవరో బాబు లేచి నడిచేశాడని వీడియో. ఈమధ్య మా ఆడపడుచు మూలకణాలు ఎక్కించే ఒక స్టెమ్ సెల్ క్లినిక్ వీడియో పంపింది. అప్పటినుంచి మావారు అప్పు చేసైనా తీసుకెళ్దాం అంటున్నారు. నాకు ధైర్యం చాలట్లేదు, అలాగని వద్దంటే రేపు "నువ్వే అడ్డుపడ్డావు" అంటారేమో. అందరూ పడుకున్నాక ఫోన్లో ఇవే చదువుతూ కూర్చుంటున్నాను, ముఖ్యమైనది ఏదైనా మిస్సయిపోతానేమోనని టెన్షన్. ఏ వార్త పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి? — ఒక అమ్మ

సమాధానం: ముందు అప్పు సంగతి తేల్చేద్దాం. చేయకండి.

ఆ మాట ఊరికే అనడం లేదు. సెరిబ్రల్ పాల్సీకి స్టెమ్ సెల్స్ మీద నిజమైన పరిశోధనే జరుగుతోంది, కొన్ని ట్రయల్స్‌లో కదలికలు కాస్త మెరుగుపడ్డాయన్న ఫలితాలూ ఉన్నాయి, అదంతా అబద్ధమని నేను అనను. కానీ ఏ రకం కణాలు, ఎంత మోతాదు, ఏ వయసులో, ఎలాంటి పిల్లలకి, ఆ మార్పు ఎంతకాలం నిలుస్తుంది అన్నవి ఇంకా తేలలేదు. తేలనిదాన్ని పిల్లల మీద చేసి చూడటాన్ని ప్రయోగం అంటారు. అసలైన ప్రయోగంలో ఆ మందుకి, ఆ ఇంజెక్షన్‌కి మామూలుగా మీ దగ్గర డబ్బు తీసుకోరు, పైగా ఏం జరగొచ్చో రాసిచ్చి, మీ సంతకం తీసుకుని, తర్వాత నెలల తరబడి పిల్లాడిని పిలిచి చూస్తారు. లక్షలు మీ చేత కట్టించుకుని, ఇంజెక్షన్ ఇచ్చి, వీడియో తీసి పంపించేసేది ప్రయోగమూ కాదు, వైద్యమూ కాదు.

ఆ క్లినిక్ వాళ్లు "మా ట్రయల్ రిజిస్టర్ అయింది, ఇదిగో నంబరు" అని చూపించే అవకాశం చాలా ఉంది. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అని అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే జాబితా ఉంది, ప్రపంచంలో ఎక్కడివాళ్లయినా అందులో నమోదు చేసుకోవచ్చు. జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రభుత్వం పరిశీలించి ఒప్పుకున్నట్టు కాదని ఆ సైట్లోనే రాసి ఉంటుంది. కాబట్టి నంబరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. "మావారికి సమాధానం చెప్పాలి కదా" అంటారా, ఆయన్నే ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగమనండి. మా బాబులా ఆనిస్తేనే కూర్చోగలిగే పిల్లలు ఎంతమందికి చేశారు? వాళ్లలో ఎంతమందికి ఏ మార్పూ రాలేదు? ఏడాది తర్వాత ఎవరు, ఏ పరీక్షతో కొలిచారు? ఇంటికొచ్చాక జ్వరమో ఫిట్సో వస్తే ఎవరు చూస్తారు? రెండో ప్రశ్నకి "అందరికీ మార్పు వచ్చిందండీ" అన్నారంటే ఫోన్ పెట్టేయొచ్చు. పనిచేసే ఏ వైద్యమూ అందరికీ పనిచేయదు. మీరు వద్దనడం కంటే ఆయనే విని తెలుసుకోవడం మీ ఇద్దరికీ మంచిది, రేపు ఎవరు అడ్డుపడ్డారన్న గొడవే ఉండదు.

ఇక వీడియోలు. వాటిలో ఉన్న తల్లిదండ్రులు అబద్ధం చెబుతున్నారని నేను అనుకోను, చాలామంది చూసిందే చెబుతారు. ఎలాగో చూడండి. 1998లో ఆటిజం ఉన్న ముగ్గురు పిల్లలకి సెక్రెటిన్ అనే హార్మోన్ ఇస్తే మాటలు, చూపు కలపడం మెరుగయ్యాయని ఒక చిన్న నివేదిక వచ్చింది. నిజానికి ఆ ఇంజెక్షన్ ఇచ్చింది జీర్ణవ్యవస్థ పరీక్ష కోసం. అంతే, వార్త టీవీకెక్కింది, వేలమంది తల్లిదండ్రులు ఆ మందు కోసం పరుగెత్తారు. మరుసటి ఏడాది 60 మంది పిల్లలతో సరిగ్గా ట్రయల్ చేశారు, సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉత్త సెలైన్, ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకూ తెలియదు, కొలిచేవాళ్లకూ తెలియదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగయ్యారు! మందుకీ సెలైన్‌కీ తేడా కనపడలేదు. నాకు దీనికంటే ఆసక్తిగా అనిపించేది ఆ పేపర్లోనే ఉన్న ఇంకో అంకె. ఫలితం ఇదీ అని చెప్పాక కూడా 69 శాతం మంది తల్లిదండ్రులు మా పిల్లాడికి ఆ మందు కావాలనే ఆసక్తితోనే ఉన్నారు. వాళ్లని తెలివితక్కువవాళ్లు అనడానికి నాకు నోరు రాదు. పిల్లల్ని కన్నవాళ్లు మరెలా ఉంటారు?

మీ బాబు లాంటి పిల్లల మీదే ఇలాంటిది ఇంకోటి జరిగింది. ప్రెషర్ ఛాంబర్‌లో కూర్చోబెట్టి ఆక్సిజన్ ఇచ్చే వైద్యం, హైపర్‌బారిక్ అంటారు, మీ గ్రూపుల్లో ఈపాటికి వచ్చే ఉంటుంది. కెనడాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 111 మంది పిల్లల్ని తీసుకుని, కొందరికి ఎక్కువ ఒత్తిడిలో పూర్తి ఆక్సిజన్, మిగతావాళ్లకి కాస్తంత ఒత్తిడి పెంచిన మామూలు గాలి, రెండు నెలల్లో 40 సార్లు ఇచ్చారు. 2001లో ఫలితం వచ్చింది, ఇక్కడా రెండు వైపులా పిల్లలు బాగానే మెరుగయ్యారు, తేడా లేదు. అమ్మానాన్నలు పక్కన కూర్చుని రోజూ అంత సమయం వాళ్లతో గడపడం, అందరూ ఏదో జరుగుతుందని ఎదురుచూడటం, పిల్లాడు కూడా ఉత్సాహపడటం, వీటి ఫలితం కావచ్చని పరిశోధకులే రాశారు. దానికితోడు నాలుగేళ్ల పిల్లాడు రెండు నెలల్లో ఎలాగూ ఎంతో కొంత ఎదుగుతాడు. క్లినిక్ వీడియోల్లో "ముందు", "తర్వాత" అని చూపించే ఆరు నెలల మధ్యలో ఆ ఎదుగుదలంతా ఉంటుంది, అక్కడున్నన్ని రోజులూ చేయించిన ఫిజియోథెరపీ కూడా ఉండొచ్చు. ఆ క్రెడిట్ మాత్రం ఇంజెక్షన్‌కి వెళ్తుంది.

అయితే కొత్త వార్తలన్నీ గాలి కబుర్లే అనుకోకండి. కండరాలు క్రమంగా బలహీనపడే స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ అనే జబ్బుకి 2016 డిసెంబరు దాకా జబ్బునే మార్చే మందంటూ లేదు, ఆ నెలలో అమెరికాలో నుసినెర్సెన్ అనే మందుకి అనుమతి వచ్చింది, 2019లో రెండేళ్లలోపు పిల్లలకి జీన్ థెరపీ వచ్చింది. అక్కడ ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు, వారాలు కూడా లెక్కే. కానీ ఆ వార్తకీ మీ ఆడపడుచు పంపిన వీడియోకీ తేడా చూడండి, అక్కడ జబ్బుకి కారణమైన జీన్ ఏదో ముందే తెలుసు, మందు ఆ లోపం మీదే పనిచేస్తుంది, మందు తీసుకోని పిల్లలతో పోల్చి చూశారు, మందుల నియంత్రణ సంస్థ ఒప్పుకుంది. అలాంటిది వచ్చినప్పుడు మీ న్యూరాలజిస్టుకి తెలియకుండా వాట్సాప్‌లో మీకు మాత్రమే తెలియడం జరగదు.

కాబట్టి ఆ డాక్టర్‌ని వచ్చేసారి ఒక్క ప్రశ్న అడగండి: "మా బాబుకి ఇది ఏ కారణం వల్ల వచ్చిందో తెలిసిందా?" నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు ఆక్సిజన్ అందకపోవడం, కామెర్లు బాగా ముదరడం లాంటి కారణం స్పష్టంగా ఉండి, ఎంఆర్ఐలోనూ అది కనిపిస్తే సరే. కారణం తెలియదు, ఎంఆర్ఐ నార్మల్ అంటే మాత్రం జన్యు పరీక్ష అవసరమా అని అడగాలి. ఎందుకంటే సెరిబ్రల్ పాల్సీలా కనిపించే వేరే జబ్బులు కొన్ని ఉన్నాయి, అందులో డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా అనేదానికి లెవోడోపా మాత్రతోనే బాగా గుణం కనిపిస్తుంది. పొద్దున్న బాగానే ఉండి సాయంత్రానికి బిగుసుకుపోతుంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి. ఇది అరుదు, మీ బాబుది అదేనని ఆశ పెట్టుకోవద్దు. అయినా అడగడానికి ఖర్చేమీ లేదు కదా.

ఇప్పుడు మీరు భయపడుతున్న "మిస్సవడం" గురించి. మీలాంటి అమ్మలు మిస్సయ్యేది కొత్త వైద్యాలు కాదు, ఎవరూ ఫార్వర్డ్ చేయని పాత సంగతులు. ఉదాహరణకి తుంటి ఎక్స్‌రే. మీ ఉత్తరంలో కొత్త వైద్యాల గురించి ఉంది కానీ దాని ప్రస్తావనే లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో తొడ ఎముక పైభాగం తుంటి గిన్నెలోంచి కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంటుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో లెక్క తీస్తే ఇలాంటి పిల్లల్లో మొత్తం మీద 35 శాతం మందికి, కదలికలు అన్నిటికంటే తక్కువగా ఉన్న గుంపులో 90 శాతం మందికి ఈ సమస్య ఉంది. మొదట్లో నొప్పి ఉండదు, పిల్లాడు ఏడవడు, మనకి తెలియదు. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీయడం ముందుకంటే కష్టంగా ఉందా, ఒక కాలు పొట్టిగా కనిపిస్తోందా చూడండి, ఇవి కనిపించకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే. ఎముక ఎంత శాతం బయటికి జరిగిందో కొలుస్తారు, 30 దాటితే మరింత జాగ్రత్తగా గమనిస్తారు. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి ఇలాంటి పిల్లలందరికీ క్రమం తప్పకుండా ఎక్స్‌రే తీయిస్తూ, అవసరమైనవాళ్లకి సమయానికి ఆపరేషన్ చేస్తూ వచ్చారు, అక్కడ తుంటి పూర్తిగా తప్పిపోవడం దాదాపు లేకుండా పోయింది. చాలా తక్కువ ఖర్చు, ఏ సంచలనమూ లేదు, అందుకే వీడియో రాదు.

ఇంకో ప్రశ్న కూడా డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో అడగండి, "బాబుది జీఎంఎఫ్‌సీఎస్‌లో ఏ లెవెల్?" అని. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో తెచ్చిన, పిల్లల కదలికల్ని బట్టి చూసే ఐదు లెవెళ్ల పద్ధతి ఇది, ఒకటి అంటే నడవగలిగేవాళ్లు, ఐదు అంటే తల నిలపడానికి కూడా సాయం కావాల్సినవాళ్లు. వినడానికి కొంచెం కష్టంగా ఉండే సంగతి ఒకటి చెప్పాలి: వాళ్లే 657 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి చూసి, కూర్చోవడం నిలబడటం నడవడం లాంటి పెద్ద కదలికల్లో పిల్లలు చేరగలిగిన స్థాయికి దాదాపుగా ఐదేళ్లలోపే చేరుకుంటారని 2002లో చూపించారు. బాధ కలిగించడానికి చెప్పడం లేదు. ఇది తెలిస్తే "నడిచేదాకా ఆగుదాం" అని వీల్‌చైర్ కొనకుండా, బడికి పంపకుండా ఏళ్లు పోగొట్టుకోరు. వీల్‌చైర్ ఇస్తే బద్ధకించి నడవడేమోనని చాలా ఇళ్లలో భయం ఉంటుంది, అది ఉత్త భయమే. అన్నట్టు ఈ లెక్క పెద్ద కదలికలకే. మాట, చదువు, ఆట, స్నేహం వీటికి ఐదేళ్ల గీత ఏమీ లేదు.

మాట అన్నాను కాబట్టి, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన వాక్యం "అన్నీ అర్థమవుతున్నాయని నా నమ్మకం" అన్నది. అర్థమై, చెప్పలేకపోవడం ఎంత నరకమో ఆలోచించండి. దానికి లక్షలు అక్కర్లేదు, ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు. బాబుని బాగా ఆనించి కూర్చోబెట్టండి, పక్కకి ఒరిగిపోతుంటే చుట్టిన దుప్పటి ఇటూ అటూ పెట్టండి, ఒళ్లు నిలపడానికే శక్తంతా అయిపోతే వాడు ఇంకేమీ చేయలేడు. వాడికి ఇష్టమైన రెండు బొమ్మలు, ఒకటి కుడిచేత్తో ఒకటి ఎడమచేత్తో, వాడి కంటి ఎత్తులో దూరదూరంగా పట్టుకోండి. "బంతా, కారా?" అని ఒక్కసారే అడిగి నోరు మూసుకోండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టండి, అవసరమైతే ఇంకో పది. ఈ పిల్లలకి విన్నది అర్థమయ్యాక తలో చూపో తిప్పడానికి మనకంటే చాలా సమయం పడుతుంది. మధ్యలో మళ్లీ అడిగితే వాళ్లు మళ్లీ మొదటికి రావాలి. చూపు ఒకవైపు వెళ్లి నిలిచిందా, "ఓ, కారు కావాలా" అని అదే ఇచ్చేయండి, అది తప్పు జవాబు అనిపించినా సరే. పరీక్ష పెట్టొద్దు. కొన్నాళ్లకి బొమ్మల బదులు ఫొటోలు, తర్వాత నాలుగు బొమ్మల బోర్డు. ఆ బోర్డులో కోరే వస్తువులే కాకుండా "వద్దు", "ఇంకా", "నొప్పి", "అయిపోయింది" కూడా ఉండాలి. "వద్దు" అనే అవకాశం పిల్లలకి మనం చివర ఇస్తాం, అది మొదట ఇవ్వాలి.

బోర్డు అలవాటైతే మాటలు రావేమో అని మీ అత్తగారింట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దీన్ని 2006లో పరిశోధనలన్నీ జల్లెడపట్టి చూశారు, నమ్మదగ్గ ఆధారం ఉన్న 27 మందిలో ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, ఎక్కువమందికి కొంత పెరిగింది కూడా. స్పీచ్ థెరపిస్టుని ఏఏసీ గురించి అడగండి, మాటకి బదులుగానో మాటకి తోడుగానో వాడే ఈ పద్ధతులన్నిటికీ అదే పేరు. ఒక్క జాగ్రత్త. పిల్లాడి చెయ్యి పెద్దవాళ్లు పట్టుకుని అక్షరాల మీద పెట్టించి "వాడే రాస్తున్నాడు" అనే పద్ధతి ఎవరైనా చూపిస్తే వద్దనండి. అక్కడ రాస్తున్నది చెయ్యి పట్టుకున్నవాళ్లేనని పరీక్షల్లో మళ్లీ మళ్లీ తేలింది, 2018లో అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం కూడా అది వాడొద్దని ప్రకటించింది.

మరి చదవడానికి ఏముంది అంటారా. సెరిబ్రల్ పాల్సీలో ఏది పనిచేస్తుందో ఏది చేయదో ట్రాఫిక్ లైట్ల రంగుల్లో చూపించే సమీక్ష ఒకటి ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం 2013లో రాసింది, 2020లో దాన్ని తాజాగా చేశారు. ఆకుపచ్చ అంటే చేయండి, పసుపు అంటే ఆలోచించి కొలుచుకుంటూ చేయండి, ఎరుపు అంటే వద్దు. ఆ ఒక్క పట్టిక మీ గ్రూపుల్లో ఏడాది చర్చకి సమానం. ఇంగ్లిష్ ఇబ్బందైతే థెరపిస్టుతో కూర్చుని చూడండి. అందులో ఆకుపచ్చగా ఉన్నవాటిలో చాలావాటికి ఒకటే పోలిక: పిల్లాడు తనకి కావాల్సిన పనిని తనే, నిజమైన చోట, మళ్లీ మళ్లీ చేయడం. టేబుల్ మీద పడుకోబెట్టి మనం కాళ్లు చేతులు ఆడిస్తే నేర్చుకునేది తక్కువ. మాట, ఆట, ప్రవర్తన వైపు అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల ఆలస్యమైన రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం చేసిన శిక్షణ ఉంది, తొమ్మిది గ్రూపు తరగతులు, మూడుసార్లు ఇంటికొచ్చి చూడటం. మీ దగ్గర ఎవరూ నడపకపోతే ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నది చూడొచ్చు.

పెన్షన్లు, సర్టిఫికెట్లు, రాయితీలు ఎక్కడికక్కడ మారతాయి. అవి ఫార్వర్డ్‌లలో నమ్మకుండా ఆఫీసులోనే అడిగి, రెన్యువల్ తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో ఉంచి పైన ఒక పేజీలో బాబు లెవెల్, మందులు మోతాదులతో, ఫిట్స్ ఉంటే ఎలా వస్తాయి, ఆఖరి ఎక్స్‌రే తేదీ, "అవును" "కాదు" ఎలా చెబుతాడు అన్నవి రాసిపెట్టండి. ఆసుపత్రిలో కొత్త డాక్టర్‌కి ప్రతిసారీ కథంతా మొదట్నుంచి చెప్పే బాధ తప్పుతుంది.

గ్రూపుల్లో రెండింటి నుంచి బయటికి వచ్చేయండి. ఉన్న ఒక్కదాన్నీ వారంలో ఒకరోజు, పగటిపూట, ఒక అరగంట చూస్తే చాలు. ఏ వార్త వచ్చినా, ఇది మా బాబు ఈ నెలలో కూర్చోవడంలో, తినడంలో, చెప్పుకోవడంలో, నొప్పి లేకుండా ఉండటంలో ఏం మారుస్తుంది అని అడగండి. ఏమీ కనపడకపోతే చదవక్కర్లేదు. మూడు వందల మంది ఉన్న గ్రూపు కంటే మీ బాబులాంటి బాబే ఉండి, వాడు మీవాడి కంటే నాలుగైదేళ్లు పెద్దవాడైన ఒక్క అమ్మ ఎక్కువ పనికొస్తుంది. 1971లో అమెరికాలో ఒమాహా ఊళ్లో తల్లిదండ్రులు సరిగ్గా ఇదే పని మొదలుపెట్టారు, అనుభవమున్న ఒక అమ్మనో నాన్ననో కొత్తవాళ్లకి జతచేయడం, అది తర్వాత ఎన్నో చోట్లకి పాకింది. థెరపిస్టుని అడిగితే అలాంటి ఒకరిని కలపగలరు. ఆవిణ్ణి వైద్యాల గురించి అడక్కండి, స్నానం ఎలా చేయిస్తారు, ఏ కుర్చీ కొని వృథా అయింది, బడివాళ్లు మొదట ఏమన్నారు, ఆవిడ నడుం నొప్పికి ఏం చేస్తోంది, ఇవి అడగండి.

చివరగా మీ ఆడపడుచు. ఆమె ప్రేమతోనే పంపింది, బాబుకి మేనత్త కదా, ఊరుకోలేకపోతుంది. జవాబివ్వకుండా వదిలేస్తే మళ్లీ పంపుతుంది, వాదిస్తే మీవారి దాకా వెళ్తుంది. ఇలా రాయండి: "వదినా, వీడియో చూశాను, మీ అన్నయ్య కూడా క్లినిక్‌తో మాట్లాడతానన్నారు. బాబు గురించి నువ్వు ఇంత ఆలోచిస్తున్నావు కదా, నాకు ఒక సాయం చేస్తావా? ఇంట్లో వస్తువులవీ మనుషులవీ ఇరవై ఫొటోలు అరచేయంత సైజులో ప్రింట్ తీయించి లామినేషన్ చేయించి పంపు. నీది కూడా పెట్టు, అత్త ఎవరో వాడు చూపించాలి. వచ్చినప్పుడు రెండు గంటలు వాడితో కూర్చుని ఆడించు, ఎలా అడగాలో నేను నేర్పిస్తాను, ఆ రెండు గంటలూ నేను పడుకుంటాను."